ఉత్త కడుపున వేసుకోవాల్సిన గోలి

గర్భసంచి ఆపరేషన్‌కు నేను భయపడలేదు. ఆ తర్వాత మూత్రం రాకపోతే మాత్రం సిగ్గుతో సగం చచ్చాను. కరీంనగర్ ఆసుపత్రిలో పొద్దున మూత్రపు గొట్టం తీసేశారు. పొత్తికడుపు బండలా ఉంది, చుక్క రాదు.

స్కానింగులో అడ్డమేమీ లేదని చూసుకుని డాక్టరమ్మ నా మంచం పక్కన నిలబడి చెప్పింది. "ఒంటేలు పోయాలంటే నరం జరంత రసం ఇడుస్తది. అది ఒంటేలు సంచి గోడకు తగిల్తే గోడ పిసుక్కుంటది. నీ నరం ఇంక మత్తులనే ఉన్నది. గీ బెథనెకాల్ గోలి నరాన్ని లేపదు, సక్కగ పోయి గోడకే తగుల్తది. ఉమ్మికి, చెమటకు, పేగులకు సుత తగుల్తది. అందుకే ఉత్త కడుపుతోనే ఏసుకోవాలె. ఉబ్బసం లేదు గదా?"

లేదన్నాను.

"పొద్దుగూకెదాక రాకుంటే మళ్ల గొట్టం పెట్టి, బ్యాగుతోనే ఇంటికి పంపుత."

బ్యాగు తగిలించుకుని బొగ్గుగని కాలనీకి పోవాలా! మాది రెండు గదుల క్వార్టర్, పక్కింట్లో తుమ్మినా వినపడే గోడ. నా సంగతి కాలనీ అంతా తెలియడానికి ఒక్క పూట చాలు. ఆ ముఖం పెట్టుకుని నీళ్లకు కూడా బయటికి రాలేననుకున్నాను.

డాక్టరమ్మ అటు పోగానే అత్తమ్మ టిఫిన్‌డబ్బా తెరిచింది. "ఉత్త కడుపుతోని గోలేసుకుంటరా? పేగులు కాలిపోతయ్. జర జావ తాగు."

మా ఇంట్లో తలనొప్పి గోలికైనా ముందు కడుపులో ఏదో ఒకటి పడాల్సిందే. వద్దన్నారు అత్తమ్మా అంటే, "ఆమె చిన్నపిల్ల, ఆమెకేమెరుక?" అంది. వాదించే ఓపిక నాకు లేదు. జొన్నజావ తాగి గోలి మింగాను.

అప్పుడే పెద్దపల్లి నుంచి బావ, అంటే మా ఆయన అన్న, అరటిపండ్లతో వచ్చాడు. మా ఆయనేమో గనిలో డ్యూటీలో ఉన్నాడు. పెళ్లయిన నాటి నుంచి బావ ముందు నేను మంచం మీద కూర్చున్నదాన్ని కాదు. ఆయన వస్తే తలుపు చాటుకు పోయేదాన్ని. ఆయనా "అవ్వా, నీళ్లియ్యమను" అంటూ అత్తమ్మతోనే చెప్పించేవాడు. అలాంటి మనిషి ముందు నైటీలో పడి ఉన్నాను. లేవబోతే కుట్లు లాగాయి.

అంతలో గోలి పని మొదలుపెట్టింది, కావలసిన చోట తప్ప అన్ని చోట్లా. ముఖమంతా చెమట. నోట్లో నీళ్లూరి గడ్డం మీదికి కారాయి. కడుపులో దేవి, తాగిన జావంతా ఒక్కసారిగా ఎగదన్నింది. అత్తమ్మ గిన్నె వెతికేలోగా బావ భుజం మీది తువ్వాల తీసి నా నోటి కింద పట్టాడు. తెల్లగా ఉతికిన తువ్వాల. ఛీ, ఏం బతుకు నాది! ఆ నిమిషాన ప్రాణం పోయినా బాగుండనిపించింది.

డాక్టరమ్మ వచ్చి అత్తమ్మను కసిరింది. "తిన్నంక ఏసుకుంటే గిట్లనే కక్కుతరు. మళ్ల గోలి ఇచ్చెదాక ఏం పెట్టకు." అత్తమ్మ డబ్బా మూతపెట్టి మూలకు కూర్చుంది. బావ తువ్వాల ఉతుక్కోవడానికి పోయాడు. అటు నుంచి అటే ఊరికి పోతాడనుకుంటే, వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. నన్నింకా ఏం చూద్దామనో అని ఒళ్లు మండింది.

మధ్యాహ్నం ఉత్త కడుపుతో రెండో గోలి వేసుకున్నాను. చెమట పట్టింది గానీ వాంతి రాలేదు. కొంతసేపటికి పొత్తికడుపు లోపల పిడికిలి బిగిసినట్టయింది.

"అత్తమ్మా, వచ్చేటట్టున్నది!"

లేచి అడుగు వేస్తే పక్కకు తూలాను. నన్ను ఒక్కతే పట్టుకోలేక అత్తమ్మ "ఓ పెద్దోడా!" అని కేకేసింది. బావ వచ్చి నా రెండో చేయి పట్టుకున్నాడు. ముఖం అటు తిప్పుకునే బాత్రూం దాకా నడిపించాడు. నేను నేలనే చూస్తూ నడిచాను. ఆయన చేయి నాకు తగలడం అదే మొదటిసారి.

లోపల గొళ్లెం పెట్టుకుని కూర్చున్నాను. పల్చటి తలుపు, కింద జానెడు సందు. బయట బావ నిలబడే ఉన్నాడు. చప్పుడంతా ఆయనకు వినపడుతుందని తోచగానే, వస్తున్నది కాస్తా ఆగిపోయింది. మందు ఒకవైపు, సిగ్గు ఒకవైపు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇక రాదు, బ్యాగే గతి అనుకున్నాను.

అప్పుడు బయట చేతులు కడుక్కునే నల్లాను ఎవరో పూర్తిగా తిప్పారు. నీళ్లు ధడధడా పడుతున్నాయి. ఆ చప్పుడులో నాకూ వచ్చింది.

"పోసినవా బిడ్డా?" అని అత్తమ్మ వరండా అంతా వినపడేలా అరిచింది.

"ఊకో అవ్వా," అన్నాడు బావ.

నేను గొళ్లెం తీసేదాకా ఆయన నల్లా కట్టలేదు.