సముద్రపు చేపకు తవుడు మూట

ముప్పై మూడేళ్ళు చేపల మేత మీద బతికినవాణ్ణి, ఒకే ఒక్క చేపకు తిండి పెట్టడం చేతకాక నవ్వులపాలయ్యాను. ఆ సంగతి ముందే ఒప్పుకుంటే చదివేవారికీ నాకూ సుఖం.

పల్నాడు జిల్లా కొత్తగా ఏర్పడిన ఏడాది ఆగస్టులో, మాచర్ల వైపున్న ఒక చేపపిల్లల కేంద్రానికి నన్ను మత్స్య అభివృద్ధి అధికారిగా వేశారు. రిటైర్మెంటుకు ఇంకా పది నెలలుంది. బొచ్చె, శీలావతి పిల్లలను వేలెడు పొడవు దాకా పెంచి, సాగర్ జలాశయంలోకీ ఊరి చెరువుల్లోకీ పంపడం అక్కడి పని. నాకు ఒక మెట్టు పైన సహాయ సంచాలకులు, ఆఫీసు భాషలో ఏడీ గారు. సందర్శకుల గదిలో ఉప్పునీటి అక్వేరియం ఉండాలని ఆయనకు బుద్ధి పుట్టింది. విశాఖ నుంచి ఒక చేప దిగింది. అరచేతంత ఒళ్ళు, పసుపు చారలు, పట్టకారులాంటి పొడుగు ముక్కు. సీతాకోక చేప అంటారు. దాని సంరక్షణ నా పేర రాశారు.

మా చెరువుల్లో మేత వేసే పద్ధతి ఒకటుంది. తవుడు, వేరుశనగ చెక్క కలిపి గోతంలో నింపి, దానికి కన్నాలు పొడిచి, గడకు కట్టి నీళ్ళలో వేలాడదీస్తాం. చేపలొచ్చి మూతులతో పొడుచుకు తింటాయి. మూట తేలికపడితే తిన్నట్టు లెక్క. నేను మా ఆవిడ పసుపుకొమ్ములు దాచే గుడ్డసంచి తెచ్చి, కన్నాలు పొడిచి, తవుడు నింపి, ఆ గాజుపెట్టెలో కట్టాను. సాయంత్రానికి నీళ్ళు గంజి అయ్యాయి. మూట తేలికపడింది నిజమే, తిన్నది మాత్రం నీళ్ళు. చేప ఒక మూల గాజుకు ముక్కు ఆనించి నిలబడింది.

ఆరో రోజుకు ఏడీ గారి మెమో వచ్చింది. చేప ఏమీ తినకపోవడానికి కారణమూ, చనిపోతే బాధ్యత ఎవరిదన్నదీ తెలుపుతూ సంజాయిషీ ఇవ్వాలి. సర్వీసు రిజిస్టరులో అప్పటిదాకా నాకు ఒక్క మచ్చ లేదు. ఇప్పుడు నా సర్వీసూ దాని ప్రాణమూ ఒకే గాజుపెట్టెలో ఈదుతున్నాయి.

నరసరావుపేటలో అక్వేరియం షాపు నడిపే మస్తాన్ భాయ్‌కి ఫోన్ చేశాను. పాపం, మర్నాడే బండి మీద వచ్చాడు. మూటను పైకెత్తి చూశాడు.

"ఏంది సార్ ఇది! పెళ్ళికొడుకుని పిలిచి కుడితి పెట్టారే!"

ఈ చేప సముద్రంలో రాళ్ళ సందుల్లోకి ముక్కు దూర్చి, లోపల దాక్కున్న పురుగునో బుల్లి రొయ్యనో లాక్కుని తింటుందట. కదలనిది దాని లెక్కలో తిండే కాదు. "మీ చెరువు చేప తింటది సార్. ఇది తినిపించుకుంటది," అన్నాడు.

ముందు సగం నీళ్ళు మార్చాం. తర్వాత ఆర్టీమియా అనే బుల్లి ఉప్పునీటి రొయ్యలను మొదలుపెట్టాం. అవి దొరికేది గసగసాల కంటే సన్నని ఎండుగుడ్లుగా. ఉప్పునీటిలో వేసి, గాలి బుడగలు వదులుతూ దీపం కింద ఉంచితే ఒకటిన్నర రోజుకు పిల్లలవుతాయి. గాలి ఆపగానే డొల్లలు పైకి తేలుతాయి, పిల్లలు వెలుతురు వైపు చేరతాయి. డొల్లలు చేప పేగుకు అడ్డం పడతాయి కాబట్టి పిల్లలను మాత్రమే పీల్చి, సన్నటి గుడ్డలో వడకట్టి, మంచినీటితో కడిగి వేయాలి. అంతా తప్పులేకుండా చేసి వేశాను. చేప వాటి మధ్యలోంచి దర్జాగా నడిచిపోయింది.

"అంత ముక్కుకి అది దుమ్ము సార్. ఈస్టు నీళ్ళు మేతగా పోసి మూడు వారాలు పెంచండి," అన్నాడు భాయ్.

మూడు వారాలు చేప ఆగాలిగా! దానికీ భాయ్ దగ్గర ఉపాయముంది. ఆఫీసు వెనక నీడలో బక్కెట్ల నిండా నీళ్ళు పెట్టాం. గేటుకు దోమల నివారణ బ్యానర్ కట్టి ఉంది. దాని వెనకే నేను ప్రభుత్వ బక్కెట్లలో దోమపిల్లలను పెంచాను. ఉప్పునీటిలో అవి కొద్ది నిమిషాలే గిలగిల్లాడతాయి. బక్కెట్లు పెట్టిన ఐదో రోజు మధ్యాహ్నం చేప తల తిప్పి, ఒకదాన్ని చూసి, టక్కున లాక్కుంది. నా గుండె అప్పుడు మళ్ళీ డ్యూటీలో చేరింది. మెమోకు నా జవాబు రెండే మాటలు: "చేప తింటున్నది."

ఎదిగిన ఆర్టీమియాను కూడా తిన్నాక, గాజుపెట్టెలోని రాళ్ళ కన్నాల్లో బతికిన వాటితోపాటు చచ్చిన రొయ్య తునకలు కూరాను. ముందు పదింట ఒకటి చచ్చినది, తర్వాత సగం. రెండు నెలలకు చచ్చినదాన్ని కూడా నేను నీళ్ళలో పట్టుకున్న డ్రాపరు మొన నుంచే తీసుకునేది. అయితే షరతులున్నాయి. రోజుకు మూడుసార్లు పంపు ఆపాలి, పావుగంట కదలకుండా కూర్చోవాలి.

ఒకరోజు కలెక్టరు గారు తనిఖీకి వచ్చి, చేప తినడం చూసి ముచ్చటపడ్డారు. "నేనే స్వయంగా మేపుతున్నాను మేడం," అన్నారు ఏడీ గారు. తనిఖీ నివేదికలో ఆ మాట అలాగే ఎక్కింది. ఆయన వెనక నేను, నా జేబులో తడి డ్రాపరు.

ఈ ఉదంతంలో నేను నేర్చుకున్నది ఇదీ: మేత విషయంలో అడగవలసింది మేపేవాడి సర్వీసును కాదు, తినేదాని మూతిని. ఇది తెలియడానికి నాకు ముప్పై మూడేళ్ళు పట్టింది.

మే నెలాఖరున ఛార్జి అప్పగింత. వలలు, పంపులు, బక్కెట్లు, అన్నీ జాబితాలో రాసి కొత్తగా వచ్చినాయనకు అప్పగించాను. సీతాకోక చేప దగ్గర మాత్రం ఇలా రాశాను: "తనిఖీ నివేదిక ప్రకారం దీనిని ఏడీ గారే స్వయంగా మేపుతున్నందున వేరొకరికి అప్పగించలేదు." ఒక ప్రతి కలెక్టరేటుకు పంపాను.

ఏడీ గారు అది రెండుసార్లు చదివారు. "ఏందయ్యా ఇది?"

"తమరు చెప్పిందే సార్. మార్చే అధికారం నాకు లేదు."

సంతకం పెట్టారు. జేబులోంచి డ్రాపరు తీసి ఆయన బల్ల మీద పెట్టాను.

"మధ్యాహ్నం మేత టైమైంది సార్. పావుగంట కదలకూడదు."