కాళ్లు చాపి చేసిన ధ్యానం

మా పక్కింటి అక్క పోయింది. పొద్దెక్కినా బర్రె పాలు పితకడానికి లేవలేదేమని కోడలు వెళ్లి చూస్తే, నిద్రలోనే ప్రాణం పోయిందట. గోడ మీదుగా ఆ పిల్ల గొంతు వినగానే నాకు భయం పట్టుకున్నది. నాకు దేనికైనా అంతే. ఫోను మోగినా భయమే, మోగకపోయినా భయమే. పైగా ఆ వారంలోనే నా కంటి ఆపరేషన్. తోడు వస్తానన్నది అక్కే.

నాకు రెండు కళ్లూ మసకే. మనుషులను గొంతును బట్టి పోల్చుకునేదాన్ని. అంతకుముందు ఒకసారి నల్లగొండ దవాఖానలో బల్ల మీద పడుకోబెట్టి, "కదిలితే కన్ను పోతది పెద్దమ్మా" అన్నది డాక్టరమ్మ. ఆ మాటకే లేచి ఇంటికి వచ్చేశాను.

ఆనాడు నేను ఏడుస్తుంటే అక్క అన్నది: "ధ్యానం జేయి చెల్లె, నిమ్మళమైతవ్."

చదువు లేనిదాన్ని, నాకది దానం అని వినబడింది. మరునాడు ఇంట్లో తిరగలిలో విసిరిన కందిపప్పు, ఇంకా పొట్టు చెరగనిది, చేట నిండా తీసుకొని వాళ్లింటికి వెళ్లాను.

"గిదెందుకే?"

"నువ్వే జెయ్యమంటివి గదక్కా, దానం."

అక్క కొంగు నోట్లో కుక్కుకొని నవ్వింది. "ఓ పిచ్చిదానా! మా ఇంట్ల పప్పుకు కరువొచ్చిందా? తెచ్చినవ్ గద, కూసో. గీ చేటతోనే నేర్పుత."

ధ్యానం నేర్పడానికి పట్నం నుంచి ఒకాయన మా మర్రిగూడ వచ్చినప్పుడు, కాళ్లు మడిచి కూర్చోమన్నాడు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి బిగుసుకుపోయిన మోకాళ్లు ఎక్కడ మడతపడతాయి, మీరే చెప్పండి! ఆడవాళ్లంతా లేచి వెళ్లిపోయారు. అక్క మాత్రం "నా కాళ్లు నీ మాట ఇనయి బిడ్డా, నేనైతే ఇంట" అని కాళ్లు చాపుకొనే నేర్చుకున్నది.

నాకేమో కళ్లు మూస్తే చాలు, మనవరాలి బస్సు బోల్తా పడ్డట్టు, మేకను కుక్కలు పట్టినట్టు కనబడేది. అక్క కోప్పడలేదు.

"చెరుగుతుంటే పొట్టు లేస్తది. ఎంటబడి పట్టుకుంటవా?"

"ఎందుకు పట్టుకుంట?"

"మరి గీ ఫికర్‌ను ఎందుకు పట్టుకుంటున్నవ్? చేట ఎగరేసినట్టు ఊపిరి గుంజు, ఇడువు. పొట్టు దాని తొవ్వల అది పోతది."

అప్పటి నుంచి రోజూ ఇద్దరం అరుగు మీద కాళ్లు చాపుకొని కూర్చునేవాళ్లం. మధ్యలో నేను, "అక్కా, పొయ్యి మీద పాలున్నయే" అంటే, "గదీ పొట్టే" అనేది. ఒకనాడు నిజంగానే పాలు పొంగిన వాసన వచ్చింది. "గిది పొట్టు గాదే, పాలే!" అంటూ కుంటుకుంటూ నాకన్నా ముందు తనే లేచింది.

చివరికి అక్క లేకుండానే దవాఖానకు వెళ్లాను. ముఖం మీద గుడ్డ కప్పారు. అక్క లేదు, కన్ను పోతుంది, లేచి పోదామా... అన్నీ ఒక్కసారే లేచాయి. అప్పుడు గుర్తొచ్చింది, నేను కాళ్లు చాపుకొనే ఉన్నాను కదా! అరుగు మీద ఉన్నట్టే. ఊపిరి తీశాను, విడిచాను. మళ్లీ చేట ఎగరేశాను.

"అయిపోయింది పెద్దమ్మా. కదలనే లేదు, నిద్రపోయినవా ఏంది?" అన్నది డాక్టరమ్మ.

"నిద్ర గాదు బిడ్డా, ధ్యానం," అన్నాను. ఈసారి ఒత్తు గట్టిగా పలికాను.

కంటికి కట్టు విప్పాక గోడ మీదుగా చూశాను. అక్క వాకిట్లో కోడలు పప్పు చెరుగుతున్నది. ఎండలో పొట్టు లేస్తున్నది, ఒక్కొక్క రేకూ నాకు కనబడుతున్నది.