ఒప్పుకోలులో తక్కువైన మాట

దర్జీ అక్క మూతిలో గుండుసూదులు ఉన్నంతసేపే వీధి ప్రశాంతంగా ఉంటుందని అందరూ నవ్వేవారు. కొలతలు తీసే లోపు లోకం సంగతులన్నీ పూసగుచ్చినట్టు చెప్పేది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆమె మనసు మంచిదే, ముంచింది ఆ నోరే.

ఒకరోజు మిషను తొక్కుతూ, తన చర్చి సంఘంలోనే ఉన్న, ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మ గురించి, "పెళ్లైన డాక్టరు కారులోంచి తెల్లవారుజామున దిగింది, కళ్లారా చూశాను" అనేసింది. నిప్పు లేనిదే పొగ రాదన్నారు జనం. నర్సమ్మకు కుదిరిన సంబంధం తప్పిపోయింది. సంఘ పెద్దలు ఆరా తీస్తే, ఆ రోజు డాక్టరు ఊళ్లోనే లేడని తేలింది. "చీకట్లో పొరబడ్డానేమో" అని దర్జీ అక్క దాటేసింది. ఆమెను ప్రభువు బల్లకు, అంటే చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధనకు, దూరం పెట్టారు.

పదకొండు నెలలు చివరి బెంచీలో కూర్చుంది. రొట్టె పళ్లెం వస్తే, తను తీసుకోకుండా పక్కవాళ్లకు అందించేది. నన్నడిగితే అంతకన్నా పెద్ద శిక్ష లేదు. "ఇంకో సంఘానికి పోదాం పద" అన్నాడు భర్త.

"పాడుచేసింది ఇక్కడ. బాగుచేసుకోవాల్సిందీ ఇక్కడే" అంది.

ఈ ఆదివారం ఆమెను తిరిగి బల్లకు చేర్చుకోవాలి. ఒక్కరు కాదన్నా ఇంకో ఏడాది ఆగాల్సిందే. ముందుకెళ్లింది.

"నోరు జారాను. క్షమించండి."

"ఎవరికైనా అభ్యంతరమా?" అడిగారు పాస్టరుగారు.

మూడో బెంచీలో నర్సమ్మ లేచింది.

"ఇంతేనా అక్కా? ఉన్నదే పైకి అనేశావనుకుంటారు అందరూ. ఆ రోజు నువ్వేం చూశావో చెప్పు."

నిజం చెబితే దర్జీ అక్కకు అబద్ధాలకోరన్న పేరు బతికున్నంతకాలం పోదు. చెప్పకపోతే మళ్లీ చివరి బెంచీయే.

"నేనేమీ చూడలేదు."

"గట్టిగా."

"నేనేమీ చూడలేదమ్మా! ఆ పూట నిద్రే లేవలేదు. నలుగురూ వింటున్నారని కల్పించాను!" భోరుమంది.

నర్సమ్మ క్షమించానని అనలేదు. "నాకు అభ్యంతరం లేదు" అని కూర్చుని, బెంచీ మీద కాస్త పక్కకు జరిగింది. దర్జీ అక్క వచ్చి ఆ ఖాళీలో కూర్చుంది.

పళ్లెం వచ్చింది. నర్సమ్మ తన ముక్క తీసుకుని పళ్లెం ఆమె చేతికిచ్చింది. దర్జీ అక్క అలవాటుగా పక్కావిడకు అందించబోయింది.

"నీకే అక్కా" అంది నర్సమ్మ, ఆమెవైపు చూడకుండానే.