నడిమికి చిరిగే చాపలు

నాకు మొదటినుంచీ కుదురు తక్కువ. నీ కాళ్ళకి చక్రాలున్నాయే అనేది మా అమ్మ. అందుకే కాబోలు, ఈ పరాయి దేశానికి వచ్చాక పారమట్టాలో చేరిన ఆఫీసు ఉద్యోగం మానేసి, మా ఆయనతో కలిసి ఒక షెడ్డు అద్దెకి తీసుకుని నువ్వుల నూనె తీయడం మొదలుపెట్టాను. మరపట్టిన నువ్వుల ముద్దని గుండ్రటి నైలాను చాపల మీద పరిచి, చాప మీద చాప పేర్చి, ప్రెస్సులో పెట్టి నొక్కితే అంచుల్లోంచి నూనె కారుతుంది. తెలగపిండి చాపల మధ్య మిగిలిపోతుంది. చెప్పడానికి ఇంతే. కానీ ఆ చాపలు నా బుర్ర తినేశాయి.

ఏడాది ఆగాల్సిన చాప నెల తిరక్కుండానే నడిమికి చిరిగేది. ఆ చిరుగులోంచి పిండి నూనెలోకి దిగేది. మనవాళ్ళు ఎక్కువగా ఉండే హారిస్ పార్కు పేటలో మా నూనె అమ్మిపెట్టే కొట్టు అంకుల్ ఒకసారి సీసాలు వెనక్కి పంపాడు. ఆ తర్వాత ఒకరోజు మా కారు దాకా వచ్చి, "చూడమ్మా, మొహమాటానికి పెట్టుకుంటున్నాను. ఇంకోసారి అడుగున మడ్డి కనిపిస్తే ఇక తేవద్దు," అన్నాడు. ఆ కొట్టు పోతే మా షెడ్డుకి తాళమే.

ఇక చూడాలి నా తిరుగుడు, కాలుగాలిన పిల్లిలా. చాపల అంచులకి గట్టి దారంతో రెండు వరసల కుట్టు వేయించాను. ప్రెస్సు ప్లేట్లు ఎక్కడైనా గరుగ్గా ఉన్నాయేమోనని నున్నగా రుద్దించాను. ఒత్తిడి మెల్లగా పెంచు, మెల్లగా పెంచు అని మా ఆయన ప్రాణం తీశాను. "నువ్వు కాసేపు కూర్చో, అదే బాగవుతుంది," అంటాడాయన. కూర్చుంటే బాగయ్యేదైతే ఆయన చేతుల్లో ఈపాటికి అన్నీ బాగయ్యుండాలి.

ఆ చాపలు ఉతికేది మా అత్తయ్యగారు. మావయ్యగారు పోయాక మా దగ్గరికి వచ్చేశారు. వచ్చిన కొత్తలో రోజంతా కిటికీ దగ్గర నిలబడి వీధి చూసేవారు. ఆ వీధిలో కార్లే గానీ మనిషి కనబడడు. "చేతికి పని లేకపోతే నేనిక్కడ ఉండలేనమ్మా, పంపించెయ్యండి," అనేవారు. నాకు ఆవిడంటే ఇష్టం. వెళ్ళిపోతారేమోనని భయంగా ఉండేది. చాపలు ఇంటికి తేవడం మొదలయ్యాక మనిషే మారిపోయారు. వేణ్ణీళ్ళలో కుంకుడురసం కలిపి ఉతికి, పెరట్లో తీగ మీద వేసి, సాయంత్రం దాకా ఎర్రటి ఎండలో ఉంచేవారు. "ఎండ చూడని గుడ్డ ఉతికిన గుడ్డే కాదు," అనేవారు. మన ఇళ్ళల్లో ఎవరైనా అనే మాటే గనక నేనూ తలూపాను. పాత నూనె కంపు మచ్చుకైనా ఉండేది కాదు మరి.

ఒక మధ్యాహ్నం చిరిగిన చాప పట్టుకుని, ఎవరి మీద విసుక్కోవాలో తెలియక పెరట్లోకి వచ్చాను. అత్తయ్యగారు ఎండిన చాప తీగ మీంచి తీస్తున్నారు. మడత పడ్డచోట, సరిగ్గా నడిమికి, ఒక గీత. నా చేతిలో చాప చూశాను. చిరుగు అదే గీత వెంబడి ఉంది. పక్కనున్న దారం గోటితో వంచితే పుటుక్కున విరిగింది. ఇక్కడి ఎండ మన ఎండ కాదు. బయట వదిలేసిన ప్లాస్టిక్ బకెట్టు ఒక్క వేసవికే పెంకులా విరిగిపోతుంది. ఇన్నాళ్ళూ చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికానన్నమాట.

ఆ సంతోషం ఎంతోసేపు లేదు. చెబితే ఆవిడకి ఉన్న ఒక్క పనీ తప్పని చెప్పినట్టు. చెప్పకపోతే షెడ్డు పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మా ఆయన్ని చెప్పమంటే, "నీ మాటైతే అమ్మ వింటుంది," అని మెల్లగా జారుకున్నాడు. నాలో నేనే గొణుక్కుంటూ ఇల్లంతా తిరిగి తిరిగి, చివరికి వంటింట్లో చెప్పేశాను.

"అత్తయ్యా, ఇకనుంచి చాపలు గరాజులో, నీడలో పరిచి ఆరబెడదాం. ఈ ఎండకి దారం చచ్చిపోతోంది."

చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న చెయ్యి ఆగింది. "అయితే ఇన్నాళ్ళూ చింపింది నేనేనా?"

"మీరు కాదు, ఎండ."

"ఎండలో వేసిందెవరమ్మా?" అని మళ్ళీ ఈనెలు తీయడం మొదలుపెట్టారు.

ఇప్పుడు చాపలు చిరగడం లేదు. కొట్టు అంకుల్ మొన్న తనే ఫోన్ చేసి ఇంకొన్ని సీసాలు కావాలన్నాడు. చాపలు నేనే ఉతుకుతున్నాను, నేనే గరాజులో పరుస్తున్నాను. మీ చేతి శుభ్రం నాకు రావడం లేదు, రండి అత్తయ్యా అని ఎన్నిసార్లు పిలిచానో. అది అబద్ధం కూడా కాదు. ఆవిడ కిటికీ దగ్గర్నుంచి కదలరు.

"నీడలో పరవడానికి నేనెందుకమ్మా, ఎవరైనా పరుస్తారు," అంటారు.

నిన్న కొడుకుని ఊరికి టికెట్టు చూడమన్నారు.