ఫోటోలో ఒకరు తక్కువ

ఆ స్టూడియోలో ఆవిణ్ణి అందరూ మచ్చలమ్మ అనేవాళ్ళు. ఆవిడ మొహం నున్నగానే ఉంటుంది; మచ్చలు జనానివి. మొటిమ, గాటు, కంటికింద నలుపు, ఏదైనా సరే సన్నటి బ్రష్‌తో ఫోటో మీద మాయం చేసేది. "దీన్ని నమ్మి పెళ్ళాడినవాడు రేపు నిలదీస్తే నా పేరు మాత్రం చెప్పకండే," అని అమ్మాయిల్ని ఆటపట్టించేది.

కానీ స్టూడియోని నిలబెట్టింది మొటిమలు కాదు. నెలకి ఒకరో ఇద్దరో కుటుంబం ఫోటోని కాగితంలో చుట్టుకుని వచ్చేవాళ్ళు. "ఈ పిల్లని తీసెయ్యాలి," అనేవాళ్ళు, గొంతు తగ్గించి. నచ్చినవాడితో వెళ్ళిపోయిన కూతురు, మొగుణ్ణి వదిలి వచ్చేసిన చెల్లెలు, కోర్టులో అన్నల మీద సాక్ష్యం చెప్పిన అక్క. వాళ్ళెవరూ పోలేదు, నిక్షేపంగా బతికే ఉన్నారు. ఇంటివాళ్ళకి మింగుడుపడనిది అదే. "పూర్వం ఒకచోట గుండు కొట్టించి ఊరేగించేవాళ్ళట, ఇంకోచోట గోడలో పెట్టి కట్టేసేవాళ్ళట. మనవాళ్ళు దయగలవాళ్ళు, బ్రష్‌తో సరిపెడుతున్నారు," అనేవాడు ఓనరు. ఆ దయ మండిపోనూ!

మనిషిని తీసెయ్యడం మొటిమ తీసినంత తేలిక కాదు. వెనకాల కర్టెనుందో గోడుందో తెలుసుకుని ఆ చోట అదే గీయాలి. దిద్దిన ఫోటోని మళ్ళీ ఫోటో తీసి కడిగితే అతుకు కనబడదు. వెనకాల ఏముందని అడిగేది కానీ, పిల్ల ఏం చేసిందని మచ్చలమ్మ ఏనాడూ అడగలేదు. తప్పే, ఆవిడకీ తెలుసు. మొగుడు పోయాక ఇరవై ఏళ్ళుగా అన్నయ్య ఇంటి వెనకగదిలో తలదాచుకుంటున్న మనిషి ఎవరికని నీతులు చెప్తుంది?

ఒకరోజు మధ్యాహ్నం ఆ అన్నయ్యే వచ్చాడు. బల్లమీద ఫోటో పెట్టాడు. మూడేళ్ళ కిందట అక్కడే దిగింది: కుర్చీలో అన్నయ్య, పక్కన వదిన, ఇద్దరు కొడుకులు, కూతురు, ఆ చివర మచ్చలమ్మ. కూతురు నర్సు. పోయిన నెల ఇంట్లో చెప్పకుండా ఒక బస్సు డ్రైవర్ని పెళ్ళిచేసుకుంది.

"దీన్ని తీసెయ్," అన్నాడు కూతురి మొహం మీద వేలు పెట్టి.

"నా చేతుల్లో పెరిగిన పిల్ల అన్నయ్యా."

"పెంపకం చూశాంలే. ఎల్లుండి చిన్నోడికి పిల్లనిచ్చేవాళ్ళు వస్తున్నారు. గోడ మీద ఇది కనబడితే నా పరువేం కాను?"

"వాళ్ళు అడిగితే?"

"కూతురే లేదంటాను."

ఆవిడ బ్రష్ కింద పెట్టేసింది. "నావల్ల కాదు."

అన్నయ్య అరవలేదు. అరిచినా బాగుండేది. "ఎల్లుండికి ఈ ఫోటోలోంచి అదైనా పోవాలి, నా ఇంట్లోంచి నువ్వైనా పోవాలి. ఏదో ఒకటి తేల్చుకో," అనేసి వెళ్ళిపోయాడు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. యాభై ఆరేళ్ళ వయసులో కొత్త గది ఎవరిస్తారు? భూతద్దం కింద పిల్ల మొహం పెట్టుకుని కూర్చుంది. తను టైఫాయిడ్‌తో పడుకుంటే పదేళ్ళ పిల్ల జావ చల్లార్చి, చెంచాతో తాగించింది. "మింగత్తా, మింగు, లేకపోతే నాన్నకి చెప్తా," అని బెదిరించింది కూడా. ఇన్నేళ్ళలో తను చెరిపేసిన పిల్లల్లో ఇలా ఎవరికో జావ తాగించినవాళ్ళు ఎందరున్నారో! ఏడుపు ముంచుకొచ్చింది. తనివితీరా ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని, బ్రష్ తడిపింది.

ఎల్లుండి రానే వచ్చింది. ముందుగదిలో అన్నయ్య కాగితం విప్పాడు.

"ఇదింకా ఇక్కడే ఉందేం?" అని మండిపడ్డాడు. వేలు కూతుర్ని దాటి ఆ చివరికి వెళ్ళి ఆగింది. అక్కడ కర్టెను మడతలే ఉన్నాయి. "నువ్వేదీ?"

"నువ్వేగా తేల్చుకోమన్నావు. తేల్చుకున్నాను. పిల్ల దగ్గరికే పోతున్నాను." ఆవిడ సంచీ అప్పటికే గుమ్మం దగ్గర ఉంది.

అన్నయ్య ఆ మడతల్ని వేలితో తడిమి చూశాడు. ఎక్కడా అతుకు తగల్లేదు. కోపం ఏమైపోయిందో, గొంతు పీలగా వచ్చింది. "అసలెప్పుడూ లేనట్టే ఉందే!"

"అంతే అన్నయ్యా. మనిషికి మూడు గంటలు పడుతుంది."

వంటింట్లోంచి వదిన వచ్చింది. మొగుడి చేతిలోంచి ఫోటో తీసుకుని మేకుకి తగిలించింది, వంకర లేకుండా సర్దింది. తర్వాత గుమ్మం దగ్గరికెళ్ళి ఆడపడుచు సంచీ అందుకుని చెప్పులేసుకుంది.

"అమ్మాయి ఇంటిదాకా నేనూ వెళ్తున్నాను," అంది మొగుడితో. "వచ్చేవాళ్ళకి టీ మీరు పెట్టండి. ఫోటోలో పిల్ల ఎవరని అడిగితే, మన కూతురని మీ నోటితోనే చెప్పండి."