పిల్లికి పట్టించిన పొడి

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజులవి. నేను కోడలిగా ప్రొద్దుటూరికి వచ్చిన రెండో ఏడు మా మామకు పక్షవాతం వచ్చింది. ఎడమ కాలూ చెయ్యీ పడిపోయాయి, మాట ముద్దగా వచ్చేది. అత్త అంతకుముందే పోయింది. మా ఆయన పొద్దున్నే బట్టల అంగడికి వెళితే మళ్ళీ దీపాలవేళకే. పగలంతా ఇంట్లో మామా, నేనూ, ఒక బూడిదరంగు పిల్లీ. అది మామ పక్కనే ముడుచుకుని పడుకునేది. ఆయన కుడిచేత్తో దాన్ని నిమురుతూ ఏవేవో చెప్పుకొనేవాడు.

ఆ ఎండాకాలం పిల్లికి గోమార్లు పట్టాయి. ఆవగింజలకంటే చిన్న పురుగులు, బొచ్చు విడదీస్తే గెంతి ఎటో పోయేవి. పిల్లి మీంచి బొంతలోకి, బొంతలోంచి మామ కాళ్ళమీదికి. పడిపోయిన కాలిని కుట్టినా ఆయనకు తెలిసేది కాదు. కుడికాలు మండిపోయేది, వంగి గోక్కోలేడు, నన్ను పిలవడానికి మొహమాటం. ఒళ్ళు తుడిచేటప్పుడు చూస్తే మడమల దాకా దద్దుర్లు.

వేపనూనె పూశాను. ఆ వాసనకు పిల్లి రెండు రోజులు ఇంటికే రాలేదు, మామ సరిగ్గా అన్నం తినలేదు. పక్కింట్లో బొంతలు కుట్టే సాయిబుల ముసలమ్మ ఉండేది. పిల్లిని పేన్ల దువ్వెనతో దువ్వమని, బొంతలు ఉడకబెట్టి ఎండేయమని, మూలమూలలా రోజూ ఊడ్వమని ఆమె చెప్పింది. నెల పడుతుందని కూడా చెప్పింది. పది రోజులు చేశాను. మామ కాళ్ళు అలాగే ఉన్నాయి.

అప్పుడు మా ఆయన పులివెందులలో అక్కగారింటికి వెళ్ళి, వాళ్ళు ఎద్దుల కొట్టంలో చల్లే డీడీటీ పొడి పొట్లం కట్టించుకొచ్చాడు. ముసలమ్మ అది చూసింది.

"వొద్దు పాపా. ఎద్దు వేరు, పిల్లి వేరు. ఇది ఒళ్ళంతా నాక్కుంటాది."

విన్నాను. కానీ ఆ మధ్యాహ్నం మామ కాలి మీద రక్తపు చారలు చూశాక ఆగలేకపోయాను. పిల్లిని ఒళ్ళో పెట్టుకుని తలనుంచి తోకదాకా పొడి పట్టించాను. నన్ను నమ్మి అది కదలకుండా కూర్చుంది.

మర్నాడు పొద్దునకు దానికి వణుకు పట్టింది. నోటివెంట నురగ. బుట్టలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి పరిగెత్తాను. డాక్టరు జమ్మలమడుగు వెళ్ళాడట, కాంపౌండరే ఉన్నాడు. సబ్బునీళ్ళతో దాని ఒళ్ళు కడిగాడు.

"కడుపులోకి పోయినదానికి నేనేం చేసేదమ్మా? నా కాడ మందు లేదు" అన్నాడు. తప్పు నాదని అనలేదు. అన్నా బాగుండేది.

ఇంటికి తెస్తుంటే దారిలోనే వణుకు ఆగిపోయింది, ఊపిరీ ఆగిపోయింది. ఊరి బయట గుంట తీసి పూడ్చిపెట్టి వచ్చాను.

మామ ఖాళీ బుట్టనూ నన్నూ చూశాడు. నేనే చంపానని చెప్పాను. ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నాడు. అటు తిరిగే, ఒక్కో మాటా కూడగట్టుకుంటూ అడిగాడు.

"శానా బాధ పడిందా?"

"లేదు మామా" అన్నాను.

పిల్లి పోయినా గోమార్లు పోలేదు. అది లేకపోయేసరికి మామనే ఇంకా ఎక్కువ కుట్టాయి. దాదాపు నెలపాటు రోజూ నీళ్ళు మరగబెట్టాను, మట్టినేల ఊడ్చాను, బొంతలు ఎండేశాను. చివరికి తగ్గాయి, ఆయన కాళ్ళు మానాయి. ఇంకో పిల్లిని తెద్దామని మా ఆయన అంటే, మామ తల అడ్డంగా ఆడించాడు.