హులిగెమ్మకు మళ్లీ పాలు పడ్డాయి

హులిగెమ్మ ఆదోనిలో ఒక జిన్నింగ్ ఫ్యాక్టరీలో కూలి. పత్తిలోని ఎండుటాకులూ కాయ ముక్కలూ ఏరడం ఆమె పని. మొగుడు ఉరుకుందప్ప హమాలీ. నాలుగేళ్ల కూతురుంది. అత్త దేవమ్మ ఇంట్లోనే ఉంటుంది.

హులిగెమ్మ చెల్లెలు నాగవేణిని ఎమ్మిగనూరులో మగ్గం నేసే ఈరన్నకిచ్చారు. పోయిన ఏడాది కార్తీకంలో నాగవేణికి ఆడపిల్ల పుట్టింది. నెత్తురు ఆగక మూడో రోజు తల్లి పోయింది. చెల్లెలికి చివరి స్నానం చేయించింది హులిగెమ్మే. ఏడుపు రాలేదు. "రాతి మనిషి" అని ఎవరో అన్నారు. ఆమెకూ అదే నిజమనిపించింది.

ఈరన్న తల్లికి చూపు ఆనదు. అందుకని హులిగెమ్మ బిడ్డను ఆదోనికి తెచ్చుకుంది. డబ్బా పాలు పడలేదు. విరేచనాలయ్యాయి. రెండు కిలోలు కూడా లేని బిడ్డ ఇంకా చిక్కిపోయింది. పిల్లల డాక్టరమ్మ చూసి అడిగింది.

"ఈ పాపకు నువ్వేమవుతావమ్మా?"

"పెద్దమ్మను మేడం."

"నీ కూతురు పాలు మానేసి ఎన్నాళ్లయింది?"

"ఏడాది దాటింది."

"మళ్లీ పడొచ్చు. ప్రయత్నిస్తావా? రాకపోతే అది నీ తప్పు కాదు."

"సరే మేడం" అంది హులిగెమ్మ. బస్తా ఎత్తమంటే ఎత్తినట్టే ఒప్పుకుంది.

ముందు గుండె పరీక్ష చేశారు. ఇబ్బంది లేదన్నాక, పాలు పడేందుకూ పనిచేసే వాంతుల మాత్రలు రోజుకు మూడు రాశారు. రెండు మూడు గంటలకోసారి బిడ్డను రొమ్ముకు పట్టించాలి. డాక్టరమ్మ మార్చి ఇచ్చిన డబ్బా పాల గిన్నెలోంచి సన్నటి గొట్టం తెచ్చి చనుమొన పక్కన అంటిస్తే, బిడ్డ చప్పరించినప్పుడల్లా పాలు నోట్లోకి వస్తాయి.

మందుల షాపు అతను చీటీ చూసి, "వాంతులా అక్కా?" అన్నాడు.

"కాదప్పా, పాలకు."

అతను తల దించుకుని మాత్రలు కత్తిరించాడు.

"కనకుండా పాలు యాడ నుంచి వస్తాయే?" అంది దేవమ్మ. అంటూనే వెల్లుల్లి కారం నూరి అన్నంలో కలిపి పెట్టింది.

పన్నెండో రోజు చుక్క కనబడింది. "పాలు పడినాయి! రాండే, సూడండి!" అని దేవమ్మ వీధంతా పిలిచింది. హులిగెమ్మ ఆ చుక్కను చెమటను చూసినట్టు చూసింది. రెండు నెలలకు గొట్టం అవసరం లేకపోయింది. బిడ్డ బుగ్గలు నిండాయి.

బిడ్డ తూకం చూసిన రోజు డాక్టరమ్మ, "నీకెట్లా ఉంది?" అంది.

"బాగా వస్తాండాయి మేడం."

"పాలు కాదమ్మా. నీకు?"

హులిగెమ్మ బిడ్డను ఎత్తుకుంది. "నిద్దర పడతాంది. అన్నం తింటాండాను" అంది. మనసులో మాట చెప్పుకోవడానికి ఒక మేడం ఉందని, ఆమె పేరు రాసిచ్చింది డాక్టరమ్మ. హులిగెమ్మ వెళ్లలేదు.

ఆదివారాలు ఈరన్న వచ్చేవాడు. గడపలో కూర్చుని, "తాగుతాందా వదినా?" అనేవాడు. "తాగుతాంది" అనేది హులిగెమ్మ.

ఏడో నెలలో రాగి జావ మొదలుపెట్టాక, డాక్టరమ్మ మాత్రలు మెల్లమెల్లగా తగ్గించి ఆపించింది. పాలు కొంత తగ్గాయి, కానీ పోలేదు.

బిడ్డకు పద్నాలుగో నెల వచ్చేసరికి ఈరన్న అక్క కమలమ్మ పుట్టింటికి వచ్చేసింది. అక్కనూ వెంటబెట్టుకుని వచ్చాడతను.

"వదినా, ఇంట్లో ఇప్పుడు మనిషి ఉంది. పాపను తోలుకపోతా."

"తోలుకపోప్పా" అంది హులిగెమ్మ. కమలమ్మతో, "అన్నం బాగా పిసికి పెట్టు. ఎడమ పక్క ఎత్తుకుంటేనే నిద్దరపోతాది" అని చెప్పింది. బస్సు కదిలేదాకా నిలబడి ఫ్యాక్టరీకి పోయింది.

మూడు రోజులు రొమ్ములు రాళ్లలా గట్టిపడి సలిపాయి. నాలుగో రోజు పనిలో రవిక తడిసింది. పత్తి బేళ్ల వెనక్కి పోయి కూర్చుంది. ఇప్పుడైనా ఏడుపొస్తుందేమోనని చూసింది. రాలేదు. మేస్త్రీ పిలిస్తే లేచి వెళ్లింది. రెండు వారాలకు పాలు ఇంకిపోయాయి.

ఇప్పుడు వీలున్న ఆదివారం ఎమ్మిగనూరు పోయి వస్తుంది. మొన్న పిల్ల ఒళ్లోకెక్కి రవిక లాగింది.

"ఇంకా మర్సిపోలేదు సూడు!" అని కమలమ్మ నవ్వింది.

"ఏం లేదే ఆడ" అంది హులిగెమ్మ పిల్లతో. పిల్ల చెయ్యిని మాత్రం పక్కకు తీయలేదు. బస్సు వేళయ్యేదాకా అట్లాగే కూర్చుంది.